మాట నేర్పిన ఇరుగుపొరుగు

మెదడులో రక్తనాళం చిట్లి మాట పోయిన ఒక నటిని ఊరివాళ్ళు వంతులేసుకుని మళ్ళీ మాటల్లోకి తెచ్చారు. తమిళనాడులో తొప్పూరు కనుమ పక్కన బతికే ధర్మపురి ఇళ్ళకు ఆ యథార్థ గాథతో చాలా పని ఉంది.

1965 ఫిబ్రవరి 17, సాయంత్రం. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ శివారు. షూటింగ్ ముగించుకుని ఇంటికొచ్చిన ప్యాట్రీషియా నీల్, ఏడేళ్ళ కూతురు టెస్సాకు స్నానం చేయిస్తోంది. ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. తూలుకుంటూ పడకగదిలోకి వచ్చి కూలబడింది. భర్త, రచయిత రోల్డ్ డాల్ క్షణం తాత్సారం చేయలేదు. తనకు తెలిసిన మెదడు సర్జన్ చార్లెస్ కార్టన్‌కు నేరుగా ఫోన్ చేశాడు. ఆ ఒక్క ఫోనే ఆమె ప్రాణం నిలబెట్టింది.

అప్పటికి ప్యాట్ వయసు 39. ముందటేడే 'హడ్' సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో కొత్త సినిమా అప్పుడే మొదలైంది. పైగా కడుపుతో ఉంది.

మెదడులో ఉబ్బిన రక్తనాళం చిట్లి మూడుసార్లు రక్తస్రావమైంది. యూసీఎల్ఏ ఆసుపత్రిలో దాదాపు ఏడు గంటలు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత సుమారు మూడు వారాలు కోమా. ఆమె చనిపోయిందని ఒక సినిమా పత్రిక వార్త కూడా వేసేసింది. డాల్ మంచం పక్కనే కూర్చుని పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

చివరికి కళ్ళు తెరిచింది. కుడి చెయ్యి, కుడి కాలు కదల్లేదు. చూపు రెండుగా చీలింది. మాట లేదు. డైలాగులతో బతికిన మనిషికి తన పిల్లల పేర్లు కూడా నోటికి రావడం లేదు.

ఎడమ వైపు దెబ్బ

కుడి పక్క పడిపోయినవాళ్ళకే మాట కూడా ఎక్కువగా ఎందుకు పోతుంది? కుడి చేతిని, కుడి కాలిని నడిపేది ఎడమ మెదడు. చాలామందిలో భాష ఉండేదీ ఆ ఎడమ వైపే. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా దగ్గరికి వచ్చిన లెబోర్న్ అనే రోగి ఏమడిగినా 'టాన్' అన్న ఒక్క శబ్దమే పలికేవాడు. అతను చనిపోయాక మెదడు తెరిచి చూస్తే ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఇలా మాట పోవడాన్ని డాక్టర్లు అఫేసియా అంటారు.

ఇంట్లోవాళ్ళు మొదట తెలుసుకోవాల్సింది ఇదే: మాట పోయినంత మాత్రాన మతి పోయినట్టు కాదు. ఎదుట ఉన్నది గ్లాసని తెలుసు, దాహంగా ఉందనీ తెలుసు. 'నీళ్ళు' అన్న మాట మాత్రం దొరకదు. ఒక్కోసారి దాని బదులు 'చెప్పులు' అని వస్తుంది. అన్నవాడికే అది తప్పని తెలిసి ముఖం ఎర్రబడుతుంది. కొందరికి వినే మాట అర్థం కావడంలోనూ చిక్కు ఉంటుంది. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాళ్ళకైతే వీటితో పాటు జ్ఞాపకం, ఏకాగ్రత, కోపం మీద అదుపు కూడా తప్పవచ్చు. నాలుక, పెదవుల కండరాలు పట్టు తప్పి మాట ముద్దగానూ రావచ్చు. ఏది ఎంత పోయిందో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి. మింగడం సరిగ్గా ఉందో లేదో డాక్టరు చూసి చెప్పేదాకా నోట్లో నీళ్ళు పోయకూడదు.

తొప్పూరు దారిలో

ధర్మపురి నుంచి సేలం వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద తొప్పూరు కనుమ అంటే లారీ డ్రైవర్లకు ఇప్పటికీ గుండెదడే. కిలోమీటర్ల పొడవున దిగుడు, దాని మీద మలుపులు. 2020 డిసెంబరు 12న అక్కడ ఆగి ఉన్న వాహనాల వరుస మీదికి లారీ దూసుకొచ్చి నలుగురు చనిపోయారు. 2024 జనవరిలో మరో నలుగురు. చనిపోయినవాళ్ళ లెక్క పేపర్లో పడుతుంది. తలకు దెబ్బతో బతికి బయటపడి, ఇంటికొచ్చాక నోరు పెగలనివాళ్ళ లెక్క ఎక్కడా పడదు.

ప్రమాదం తర్వాతి మొదటి గంటల కోసం తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరు 18న 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన తొలి 48 గంటల చికిత్స ఖర్చు నిర్ణీత పరిమితి దాకా ప్రభుత్వమే భరిస్తుంది. అదే ఏడాది ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' ఫిజియోథెరపీని గడప దాకా తెచ్చింది. ధర్మపురిలో 2008 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కృష్ణగిరి, హోసూరు మీదుగా బెంగళూరు వెళ్తే నిమ్హాన్స్ మెదడు ఆసుపత్రి ఆ హోసూరు రోడ్డు మీదే ఉంది. ప్రాణం కాపాడే దారి మునుపటికంటే మెరుగైంది. కాలూ చెయ్యీ సాగదీయడానికి మనిషి వస్తున్నాడు. కానీ మాట రోజూ గంటలకొద్దీ మాట్లాడితేనే తిరిగొస్తుంది. అన్ని గంటలు ఏ ఆసుపత్రీ ఇవ్వలేదు. అవి ఇంట్లోనే దొరకాలి.

మన తెలుగువాళ్ళకు తెలిసిన ఉదాహరణ నటుడు సాయి ధరమ్ తేజ్. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదు దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర బైకు ప్రమాదంలో ఆయన స్పృహ కోల్పోయారు. అక్టోబరు 15న, తన పుట్టినరోజునే, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. ఆ తర్వాత మాట్లాడటానికి ఎంత ఇబ్బంది పడ్డారో, మాట విలువ ఎలా తెలిసొచ్చిందో ఆయనే బహిరంగంగా చెప్పారు. 2023 ఏప్రిల్‌లో 'విరూపాక్ష'తో తెర మీదికి తిరిగొచ్చారు. హెల్మెట్టే తనను కాపాడిందని ఇప్పటికీ చెబుతుంటారు.

ఆరు గంటల బడి

ప్యాట్ కుటుంబం 1965 మే నెలలో ఇంగ్లాండులోని తమ ఊరు గ్రేట్ మిస్సెండెన్‌కు చేరింది. ఆ ఇంటికి మెదడు దెబ్బ కొత్త కాదు. 1960లో న్యూయార్క్‌లో నాలుగు నెలల కొడుకు థియో ఉన్న తోపుడు బండిని టాక్సీ గుద్దింది. బిడ్డ తలలో చేరే నీటిని బయటికి పంపే గొట్టం మాటిమాటికీ పూడుకుపోతుంటే, డాల్ ఒక హైడ్రాలిక్ ఇంజినీరును, ఒక సర్జన్‌ను కలిపి కొత్త కవాటం చేయించాడు. ఆ ముగ్గురి పేర్లతో వచ్చిన వేడ్-డాల్-టిల్ కవాటాన్ని వేలాది మంది పిల్లలకు అమర్చారు. 1962లో పెద్ద కూతురు ఒలీవియా తట్టు ముదిరి మెదడువాపుతో ఏడేళ్ళకే చనిపోయింది. ఇప్పుడు ఇల్లాలి మాట పోయింది.

స్పీచ్ థెరపీ ఎంతసేపని డాల్ ఆరా తీస్తే, రోజుకు గంటో, అంతకన్నా తక్కువో అని తేలింది. మిగతా రోజంతా ఆమె గోడ చూస్తూ కూర్చోవాలా? అతనికది మింగుడుపడలేదు. ఊళ్ళోవాళ్ళను అడిగాడు. గంటకొకరు చొప్పున వంతులేశాడు. వారిలో ఎక్కువమంది ఇల్లాళ్ళే, ఎవరికీ వైద్యం రాదు. ఒకరు వచ్చి చదివించారు, ఒకరు కూడికలు చేయించారు, ఒకరు బొమ్మలు చూపించి పేర్లు అడిగారు, ఒకరు డామినోలు ఆడించారు. రోజుకు ఆరు గంటల బడి.

ఆ బడి ఆమెకు సుఖంగా లేదు. ఆస్కార్ గెలిచిన మనిషి పిల్లల వాచకం ముందు కూర్చోవాలి. అలసట, సిగ్గు, చచ్చిపోతే బాగుండునన్న దిగులు. మాటలు కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని వంకరగా వచ్చాయి. సిగరెట్‌కు ఏ నిఘంటువులోనూ లేని పేరొకటి ఆమె నోట వచ్చింది. డాల్ ఆ వింత మాటలను శ్రద్ధగా విన్నాడు. 1982లో వచ్చిన అతని 'బీఎఫ్‌జీ' నవలలో మంచి రాక్షసుడి తిరకాసు మాటల్లో వాటి ఛాయ కనిపిస్తుందని, డాల్‌కు చివరి రోజుల్లో వైద్యం చేసిన టామ్ సాలమన్ రాశారు.

1965 ఆగస్టు 4న లూసీ పుట్టింది. బిడ్డ ఆరోగ్యంగా ఉంది. తల్లి కుంటుతూ నడుస్తోంది, మాటలు వెతుక్కుంటోంది, బడి మాత్రం ఆగలేదు.

వాలరీ చేసిన పని

వంతుల్లో వచ్చినవాళ్ళలో వాలరీ ఈటన్ గ్రిఫిత్ ఒకరు. అంతకుముందు సౌందర్య సాధనాల కంపెనీలో పనిచేసి, థైరాయిడ్ జబ్బుతో ఉద్యోగం మానుకుని ఊళ్ళో ఉంటున్నారు. ఆమెకూ ఈ విద్య రాదు. కానీ ఒక సంగతి పట్టుకున్నారు. చిన్నపిల్లల పాఠాలు చెబితే పెద్ద మనిషి నొచ్చుకుంటుంది. అందుకే ప్యాట్‌కు ఇష్టమైనవాటి మీదే మాట కలిపేవారు: నాటకాలు, తెలిసిన మనుషులు, పేపర్లో వార్తలు. తప్పు దిద్దడం కన్నా సంభాషణ తెగకుండా చూడటమే ముఖ్యమనుకున్నారు. క్రమంగా ప్యాట్ వాలరీ ఇంటికి వెళ్ళి కూర్చోవడం మొదలైంది. రోగి మంచం దిగి ఇంకొకరి గడప తొక్కడమే సగం వైద్యం.

1967 మార్చిలో న్యూయార్క్ వాల్డోర్ఫ్ ఆస్టోరియా హోటల్లో, మెదడు దెబ్బతిన్న పిల్లల సహాయార్థం పెట్టిన సభలో ప్యాట్ మాట్లాడుతుందని డాల్ ఒప్పేసుకున్నాడు. ఆమె హడలిపోయింది. ఉపన్యాసం అతను రాసిచ్చాడు. వాలరీ ముక్కముక్కగా, రోజుల తరబడి చెప్పించి, న్యూయార్క్ దాకా తోడు వెళ్ళారు. ఆ రాత్రి ప్యాట్ వేదిక మీద నిలబడి మొత్తం ఉపన్యాసం చెప్పింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది 'ది సబ్జెక్ట్ వాజ్ రోజెస్' సినిమా చేసింది. డైలాగులు గుర్తుంచుకోవడం ప్రాణసంకటమైంది. అయినా పూర్తి చేసింది. ఆ పాత్ర ఆమెకు మళ్ళీ ఆస్కార్ నామినేషన్ తెచ్చింది.

వాలరీ తన అనుభవాన్ని 1970లో పుస్తకంగా తెచ్చారు. 1973లో బ్రిటన్‌లోని ఒక ఆరోగ్య సంఘం తోడ్పాటుతో, మాట పోయినవాళ్ళ ఇళ్ళకు వాలంటీర్లను పంపే పథకం మొదలుపెట్టారు. ఒక్క ఇంటి కోసం వేసిన వంతులు దేశమంతటికీ పనికొచ్చాయి.

గట్టితనం ఎంతవరకు?

ఈ కథలో ఒక చేదు కూడా ఉంది. డాల్ కఠినంగా ఉండేవాడు. వస్తువు పేరు చెబితేగానీ చేతికిచ్చేవాడు కాదు. ప్యాట్ అతన్ని దుర్మార్గుడని తిట్టుకున్న రోజులున్నాయి. ఆ వాల్డోర్ఫ్ రాత్రి, తాను తిట్టుకున్న ఆ మనిషే తనను తిరిగి తన లోకంలోకి నెట్టాడని గ్రహించినట్టు తన ఆత్మకథలో ఆమే రాసుకుంది. 1983లో వారు విడిపోయారు. కృతజ్ఞత, గాయం రెండూ నిజమే.

నా తీర్పు ఇది: డాల్ నుంచి వంతుల పట్టిక తీసుకుందాం, మనసు మాత్రం వాలరీ దగ్గర తీసుకుందాం. 'పేరు చెప్తేనే అన్నం పెడతా' అనడం సాధన కాదు, శిక్ష. అన్నం పెట్టి, పెడుతూ 'అన్నం' అనండి. 'చారు పోయనా, పెరుగు వేయనా?' అని రెండూ చూపించండి. వేలు చూపినా జవాబే. అయిదారు సెకన్లు ఆగండి. పది సెకన్లయినా ఆగండి. ఆ ఆగడమే ఇంట్లోవాళ్ళకు అన్నిటికన్నా కష్టమైన పని. మాట కోసం వెతుక్కుంటున్న మనిషి బదులు భార్యో, కొడుకో చటుక్కున పూరించేస్తే వెతుకులాట ఆగిపోతుంది. వెతుకులాటే మెదడుకు కసరత్తు.

మాట రాని నోట పాట రావడం చూసి ఇంట్లోవాళ్ళు నివ్వెరపోతారు. ఒకటి రెండు మూడు, ఆదివారం సోమవారం, చిన్నప్పటి పద్యం, దేవుడి పాట, ఆఖరికి తిట్లు కూడా మిగతా మాటలకన్నా ముందొస్తాయి. నోటికి అలవాటైపోయిన మాటల దారి వేరు, అప్పటికప్పుడు కూర్చుకునే మాటల దారి వేరు. రాగం పట్టించి మాట రప్పించే పద్ధతి 1973 నుంచీ వైద్యంలో ఉంది. 2011లో తలలోకి తుపాకీ గుండు దూసుకుపోయిన అమెరికా ప్రజాప్రతినిధి గాబీ గిఫర్డ్స్‌కు మాట తెప్పించడంలో పాట పెద్ద ఆసరా అయింది. మన ఇళ్ళలో భజన పాటలకు, ఏళ్ళ తరబడి విన్న సినిమా పాటలకు కొదవ లేదు. సగం పాడి ఆగండి, మిగతా సగం ఆయన్ను అందుకోనివ్వండి.

ఏ భాషలో?

ధర్మపురి తెలుగిళ్ళకు ఇంకో ప్రశ్న ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. మనిషి పడిపోయాక ఏ భాష ముందొస్తుంది? ఫ్రెంచి పండితుడు రిబో మొదట నేర్చిన భాషే నిలుస్తుందన్నాడు. 1895లో పిత్ర్ అనే వైద్యుడు ఎక్కువగా వాడే భాష ముందొస్తుందన్నాడు. రెండూ కొందరి విషయంలో నిజమయ్యాయి, కొందరి విషయంలో కాలేదు. బట్టల కొట్టు నడిపిన మనిషికి తమిళం ముందు రావచ్చు, పొలం, ఇల్లే లోకమైన ముసలమ్మకు తెలుగు ముందు రావచ్చు.

కాబట్టి ఏది వస్తే దాన్నే పట్టుకోవాలి. 'తెలుగులో చెప్పు' అని కసరకండి. థెరపిస్టుకు మాత్రం ఇంట్లో ఏ భాష, పనిలో ఏ భాష, చదువు ఏ భాషలో అన్న మూడూ ముందే చెప్పండి. తమిళంలో ఒక్క పరీక్ష పెట్టి ఏమీ రాదని రాసుకుంటే, తెలుగులో మిగిలి ఉన్నది ఎవరికీ తెలియకుండా పోతుంది.

రెండు భాషలు భారమేమోనని భయపడనక్కర్లేదు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించింది. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషలు వచ్చినవాళ్ళలో సుమారు 40 శాతం, ఒకే భాష వచ్చినవాళ్ళలో సుమారు 20 శాతం. మాట పోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా కనిపించలేదు. అంటే రెండు భాషలవాళ్ళకూ మాట సాధన అంతే అవసరం.

ఆరు నెలలు దాటితే?

'ఆరు నెలల్లో వచ్చిందే మాట, ఇంక రాదు' అని ఎవరో ఒకరు అంటారు. ఇల్లంతా చేతులెత్తేస్తుంది. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుందన్న మాట నిజమే. ఆ తర్వాత తలుపు మూసుకుపోదు. 2017లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన జర్మనీ పరిశోధనలో, పక్షవాతంతో మాట పోయి ఆరు నెలలు దాటిన 150 మందికి పైగా పాల్గొన్నారు. వారానికి పది గంటలకు తగ్గకుండా మూడు వారాలు థెరపీ ఇస్తే రోజువారీ మాటలో మెరుగు కనిపించింది. ప్యాట్ వాల్డోర్ఫ్ వేదిక ఎక్కింది జబ్బు చేసిన రెండేళ్ళకు.

ఆ గంటలన్నీ ఒక్కరి నెత్తిన పడితే మాత్రం ఆ మనిషీ పడిపోతుంది. మన ఇళ్ళలో ఆ ఒక్కరు ఎవరో చెప్పనక్కర్లేదు: భార్య, లేదా కోడలు, లేదా పెళ్ళికాని కూతురు. డాల్ చేసిన వాటిలో గొప్ప పని, ఆ బరువు ఒక్కరిది కాదని ఊరిని అడగడం.

చూడ్డానికి వచ్చేవాళ్ళకు

అడగకుండానే ఊరు వచ్చే ఇళ్ళు మనవి. ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికి రాగానే ఆపిల్ పళ్ళు, బ్రెడ్డు, హార్లిక్సు సీసాతో బంధువులు వస్తారు. మంచం చుట్టూ నిలబడి, 'మామా, నేనెవరో చెప్పు చూద్దాం?' అని గట్టిగా అడుగుతారు. ఆయన నోరు తెరుస్తాడు, మాట రాదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. 'గుర్తు పట్టలేదే' అని ఆయన ముందే నిట్టూర్చి, మిగతా గంట ఆయన మంచం మీదుగా ఆసుపత్రి ఖర్చుల గురించి మాట్లాడుకుని వెళ్తారు. అందరూ ప్రేమతోనే వచ్చారు. ఆయన మాత్రం ఇంకాస్త మూగబోయాడు.

ఆ రాకనే వంతులుగా మార్చండి. వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా రండి. టీవీ కట్టేయండి. ఎదురుగా కూర్చుని ముందు మీరెవరో మీరే చెప్పండి: 'మామా, నేను మీ చెల్లెలి కొడుకును, పాలక్కోడు నుంచి వచ్చాను.' పాత పెళ్ళి ఫోటో తెచ్చి చూపించండి. 'ఈమె అత్తేనా?' అని అవును, కాదులతో సరిపోయేలా అడగండి. తొందరలో అవునుకు కాదని వస్తే తలూపడం చూసి అర్థం చేసుకోండి. అలసిపోతే పది నిమిషాలకే లేవండి, వచ్చే మంగళవారం మళ్ళీ వస్తానని చెప్పండి. మంగళవారం తప్పకుండా రండి.

ఇంటివాళ్ళు గోడకు ఓ కాగితం అంటించి, వారంలో ఏ రోజు ఎవరు వస్తారో రాయండి. ఎదురింటి టీచరమ్మ, మేనల్లుడు, సాయంత్రం పేపరు చదివే పెద్దాయన, ఎవరైనా సరే. థెరపిస్టును అడిగి, ఆ వారం సాధన చేయాల్సిన మాటలు దాని పక్కనే రాయండి.

ప్యాట్రీషియా నీల్ 2010 ఆగస్టు 8న, 84వ ఏట చనిపోయింది. మాట పోయాక 45 ఏళ్ళు బతికింది, నటించింది, దేశదేశాల్లో తనలాంటి రోగులతో మాట్లాడింది. 1978 నుంచి టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో ఆమె పేరుతో పునరావాస కేంద్రం నడుస్తోంది. ఆమెకు దొరికిన సర్జన్ మనకు దొరకకపోవచ్చు. ఆమెకు దొరికిన పొరుగువాళ్ళు మాత్రం మన వీధిలోనే ఉన్నారు. ఈసారి రోగిని చూడ్డానికి వెళ్ళేటప్పుడు పళ్ళతో పాటు ఒక గంట కూడా తీసుకెళ్ళండి.